నుసి పట్టే మిషను

మా షెడ్డులో పొట్టు వేరు, నుసి వేరు. రంపం కోస్తుంటే రాలేదీ, చిత్రిక పడుతుంటే చుట్టలు చుట్టుకుని పడేదీ పొట్టు. అది కంటికి కనబడుతుంది, కాలికి తగులుతుంది, చీపురుకు దొరుకుతుంది. నుసి అలా కాదు. శాండరు మిషనుతో చెక్కను నున్నగా చేసేటప్పుడు లేచేది నుసి. అది తొందరగా కింద పడదు. గాల్లోనే ఉండి, మనం పీల్చినప్పుడు మనతో లోపలికి పోతుంది. ఈ చిన్న తేడా తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. తెలిసేసరికి నా భార్య ఊపిరి సగమైపోయింది.

నేను సర్వేయరుగా పనిచేసి రిటైరయ్యాను. బుచ్చయ్యపేట, రోలుగుంట వైపు చెరుకు చేల గట్ల మీద టేపు పట్టుకుని తిరగడంలోనే నా సర్వీసంతా గడిచింది. ఒకసారి కొలిచి ఊరుకునే మనిషిని కాదు. మూడుసార్లు కొలిచి, మూడూ ఒకటే వస్తే గాని నాకు అన్నం సయించదు. గట్టు తగాదాల్లో రెండు పక్షాలవాళ్లూ నా మీద పడి అరుస్తుంటే బుర్ర ఊపుతూ ఉండేవాణ్ణి. ఒక్క ముక్క చెవిన పడనిచ్చేవాణ్ణి కాదు. నా కొలత నాది. అలా ఊపి ఊపి అదే అలవాటైపోయింది. ఇంట్లో కూడా ఊపేవాణ్ణి.

ఇంట్లో మాత్రం ఆ పప్పులు ఉడికేవి కావు. నా భార్య మా మేనమామ కూతురు, నన్ను చిన్నప్పటి నుంచీ ఎరిగినది. పైగా ఒకటో తరగతి టీచరు. వినకుండా బుర్ర ఊపే పిల్లల్ని పట్టుకోవడమే ఆవిడ వృత్తి. క్లాసులో ఎవడైనా దిక్కులు చూస్తూ తలాడిస్తే, నడుం మీద చేతులు పెట్టుకుని, “నేనేటి సెప్పేను? మళ్లీ సెప్పు” అనేదట. నాతోనూ అంతే. అన్నం తింటూ నేను తలాడించానంటే చాలు, గరిటె ఆపేసి అడిగేది.

“నేనేటి సెప్పేను బావా? మళ్లీ సెప్పు.”

“ఏదో... స్కూల్లో...”

“సున్నా మార్కులు. ఇప్పుడు సరీగా ఇను.” మళ్లీ మొదట్నుంచి చెప్పేది.

మాకు పిల్లల్లేరు. ఆవిడ ఊసులన్నీ బడి పిల్లల ఊసులే. ఎవడు పలక పగలగొట్టాడు, ఏ ఆడగుంట తమ్ముణ్ణి చంకనేసుకుని వచ్చి పాఠం విన్నది, ఎవరి పన్ను ఊడింది. ఆ ఊసులకి ఒక వేళా, ఒక చోటూ ఉండేవి. చోడవరంలో మా ఇంటి వెనక రేకుల షెడ్డు వేసి, అందులో నేను చెక్కపని మొదలుపెట్టాను. నాకు అది సరదా. సాయంత్రం ఆవిడ ఆటో దిగి, ముఖం కడుక్కుని, రెండు గ్లాసుల టీతో షెడ్డులోకి వచ్చేది. అక్కడ ఒక స్టూలు ఉంది. నేను చేసిన మొట్టమొదటి వస్తువు అదే, పనస చెక్కది. నాలుగు కాళ్లలో ఒకటి కాస్త పొట్టి.

“ఊళ్లోవాళ్ల గట్లన్నీ కొలిసేవు. ఈ నాలుగో కాలు కొలవడం మర్సిపోయేవేటి బావా?” అని ఎంత నవ్విందో! సరిచేస్తానంటే ఒప్పుకోలేదు. దాని మీదే కూర్చుని, ఊసు రసపట్టులో పడ్డప్పుడల్లా ముందుకీ వెనక్కీ ఊగేది. గచ్చు మీద టక్కు టక్కు మని చప్పుడు. నేను వీపు తిప్పి పనిచేసుకుంటున్నా, ఆ చప్పుడు ఉంటే ఆవిడ ఉన్నట్టే.

దగ్గు ఎప్పుడు మొదలైందో సరిగ్గా చెప్పలేను. కొలతల మనిషిని, అదొక్కటీ గుర్తు పెట్టుకోలేదు. సుద్దముక్క దుమ్మని ఆవిడ అంది, చలిగాలని నేనన్నాను. మెట్లెక్కి ఆయాసపడుతుంటే వయసనుకున్నాం. చివరికి విశాఖపట్నం తీసుకెళితే, డాక్టరు ఎక్స్‌రే ఫొటోలు దీపం ముందు పెట్టి చూసి, ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయన్నాడు. ఇంట్లో దుమ్ము ఎక్కడుందని అడిగాడు. షెడ్డు సంగతి చెప్పాను. చెక్క నుసి వల్లేనా అని నేను అడిగితే, ఆయన మంచి మనిషి, “ఇదీ అని చెప్పలేమండీ. సుద్దముక్కలు కావచ్చు, పొయ్యి పొగ కావచ్చు, ఏ కారణమూ లేకుండానూ వస్తుంది. ఇకమీదట మాత్రం ఆవిడ దుమ్ములో ఉండకూడదు” అన్నాడు. ఆయన నన్ను వదిలేశాడు. నన్ను నేను వదల్లేదు. ఆ స్టూలు శాండరుకు ఎదురుగానే ఉండేది. అక్కడ వేసింది నేనే.

షెడ్డుకు తాళం వేసేస్తానన్నాను. ఆవిడ ససేమిరా అంది.

“నువ్వు ఇంట్లో కూకుంటే నాకింకా ఊపిరాడదు. పైగా మా పిల్లలకి పీటలు సేస్తానని మాటిచ్చేవు. వానలొస్తే ఆ గచ్చు మీద సల్లగా కూకుంటన్నారు పాపం. రెండు డజన్లు కావాల.”

“ఆ నుసిలోకి నువ్వు రాకూడదు గదే.”

“అయితే ఆ నుసి సంగతేదో నువ్వే సూడు. నుసి లేకుండా సెయ్యి, నేనొచ్చి కూకుంటాను.”

అదే నాకు పని అయింది. ఆవిడ మళ్లీ వచ్చి స్టూలు మీద కూర్చోవాలి, ఊసులు చెప్పాలి. అందుకు ఒక మిషను కావాలి. సర్వేయరుకు ఇంతకంటే ఏం కావాలి? కొత్త పుస్తకం తీసి గీతలు గీశాను. గాలి ఎంత లాగుతుంది, ఎంత సన్నని నుసిని ఆపుతుంది, గొట్టం వెడల్పెంత, డ్రమ్ములో ఎంత పడుతుంది, మోటారు మా ఇంటి కరెంటుకు తట్టుకుంటుందా. ఒక్కో మిషనుకు ఒక్కో వరస. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని సెల్లులో వీడియోలు చూశాను, ఒక్కోటి మూడేసి సార్లు. నెలలు గడిచాయి. సాయంత్రం ఆవిడ టీ తెచ్చి పక్కన పెట్టేది. నేను బుర్ర ఊపేవాణ్ణి.

ఒకరోజు ఇయర్‌ఫోను ఒకటి లాగేసి అంది, “బావా, నాతో ఊసులాడ్డానికి మిషను ఎతుకుతన్నావు. నేనిక్కడే ఉన్నాను గదేటి?”

నవ్వేశాను. ఇంకొక్క వీడియో అయిపోనీ అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మొదట కొన్నది సంచీ మిషను. ఒక మోటారు, దాని మీద గుమ్మటంలా ఉబ్బే గుడ్డ సంచీ. గొట్టం రంపం దగ్గర పెడితే పొట్టంతా సుయ్యిమని లాగేసుకునేది. సాయంత్రానికి గచ్చు అద్దంలా ఉండేది. మురిసిపోయి ఆవిణ్ణి పిలుచుకొచ్చాను. ఆవిడ ముక్కుకు చీర చెంగు అడ్డం పెట్టుకుని గుమ్మంలోనే నిలబడింది. రేకుకు ఎప్పుడో పడ్డ మేకు కన్నం ఉంది, సాయంత్రం పూట అందులోంచి ఎండ కర్రలా దిగుతుంది. ఆవిడ గచ్చు వైపు చూడలేదు, ఆ ఎండ వైపు చూసింది.

“కింద సూసి మురిసిపోకు బావా. అటు సూడు.”

ఎండలో నుసి సుడులు తిరుగుతోంది. సంచీ గుడ్డలోంచి పొగలా వస్తోంది. మిషను పొట్టును పట్టి నుసిని వదిలేస్తోంది. వదలడం కూడా కాదు, మూలన పడి ఉన్నదాన్ని సైతం లేపి షెడ్డంతా చల్లుతోంది. ఆ వేళ ఆవిడ గుమ్మంలో నిలబడింది ఎంతసేపని! ఆ రాత్రి దగ్గు ఆగలేదు. శుభ్రంగా ఉన్న గచ్చు చూపించడానికి ఆవిణ్ణి నుసిలోకి పిలిచినవాణ్ణి నేను.

రెండోసారి ఒక్క కొలతా వదల్లేదు. విశాఖపట్నంలో ఒక దుకాణానికి పుస్తకం పట్టుకునే వెళ్లాను. అక్కడ తుఫాను గాలిలా లోపల సుడి తిప్పి పొట్టును డ్రమ్ములో పడేసే మిషను ఉంది. మిగిలిన నుసిని మడతలు మడతలుగా ఉన్న కాగితం ఫిల్టరు ఆపుతుంది. నా గీతలన్నిటికీ అది సరిపోయింది. దుకాణంలో కుర్చీలో కూర్చున్న పెద్దాయన నా పుస్తకం తిరగేసి చూశాడు.

“అన్నీ రాసేరు గానీ సౌండ్ రాయలేదు సార్. ఒకపాలి ఆన్ చేస్తాను, ఇనండి.”

“సౌండ్‌దేముంది, చప్పుడు ఆపే డిప్పలు చెవులకి పెట్టుకుంటాను. ఫిల్టరు సంగతి చెప్పండి.”

“రేకుల షెడ్డంటన్నారు. మోటారు గోడ అవతల పెట్టించుకోండి సార్. గొట్టం ఒక్కటే లోపలికి రానియ్యండి.”

“అప్పుడు రెండు వంపులు పెరుగుతాయి. గాలి తగ్గిపోతుంది.”

నేను గాలి లెక్క వేసుకునే వచ్చాను మరి. ఆయన పుస్తకం మూసి నా చేతికిచ్చాడు. చెవులకు పెట్టుకునే డిప్పలు ఒక జత కొన్నాను. ఒకటే జత.

మిషను బిగించిన రోజు ఎండ కర్ర దిగే వేళకు ఆవిణ్ణి తీసుకొచ్చాను. అప్పటికి ఆవిడ సెలవులో ఉంది. వంటింటి నుంచి షెడ్డు దాకా రావడానికి మధ్యలో ఒకసారి గోడ పట్టుకుని ఆగింది. స్టూలు గుమ్మం పక్కన వేశాను. మిషను ఆన్ చేసి, శాండరుతో ఒక పీట చెక్క మీద నాలుగు పట్లు పట్టాను. ఇద్దరం ఎండ వైపు చూశాం. ఎండలో ఏమీ లేదు. ఖాళీ వెలుతురు. ఆవిడ బడి పిల్లలా చప్పట్లు కొట్టింది. కొట్టడం చూశాను. చప్పట్లు వినబడలేదు.

రేకులు దడదడలాడుతున్నాయి. చెరుకు లారీ షెడ్డులోకి వచ్చి ఇంజను ఆపకుండా నిలబడినట్టుంది. ఆవిడ పెదవులు కదిలాయి. డిప్పలు తీసి, “ఏటి?” అన్నాను. మళ్లీ కదిలాయి. దగ్గరికి వెళ్లాను. ఆవిడ గొంతు పెంచబోయింది, ఆ గొంతుకు అంత ఊపిరి లేదు, దగ్గు వచ్చేసింది. మిషను ఆపాను.

“ఏటీ లేదు. బాగుంది బావా అంటన్నాను.”

ఆ తర్వాత రోజూ వచ్చేది. మొదట్లో ఆవిడ నోరు తెరిచినప్పుడల్లా నేను మిషను ఆపి వినేవాణ్ణి. రెండు మాటలు చెప్పగానే ఆన్ చేసేవాణ్ణి. మూడో రోజో నాలుగో రోజో విసుక్కున్నాను.

“మాటిమాటికీ ఆపితే మోటారు కాలిపోద్దే! ఒకేసారి సెప్పరాదూ?”

“ఊసులు ఒకేసారి వస్తాయేటి?” అంది. నవ్వుతూనే అంది. ఆ తర్వాత చెప్పడం తగ్గించింది.

నేను బుర్ర ఊపడం మొదలుపెట్టాను. ఆవిడ పెదవులు కదిలితే చూసి ఊపేవాణ్ణి. స్టూలు టక్కు టక్కు కూడా వినబడేది కాదు. ఆవిడ ఊగుతోందా, కదలకుండా కూర్చుందా అన్నది వెనక్కి తిరిగి చూస్తేనే తెలిసేది. ఎన్నిసార్లు తిరిగి చూశానో ఇప్పుడు గుర్తు లేదు. పీటల లెక్క మాత్రం గుర్తుంది. అప్పటికి పదిహేడు అయ్యాయి.

పద్దెనిమిదో పీట నాడు, నేను అంచులు నున్నగా చేస్తుంటే ఆవిడ చెయ్యెత్తింది. ఓరకంట కనబడి తల తిప్పాను. నా వైపు చూసి ఏదో చెప్పింది. కొంచెం పొడుగు మాటే. మొదటి మాటకు పెదవులు కలిశాయి, ‘బావా’ అని అయ్యుంటుంది. తర్వాతది నేను పట్టలేదు. చేతిలో శాండరు ఆడుతోంది. ఆపితే చెక్క మీద మచ్చ పడుతుందని, బుర్ర ఊపేశాను.

ఆవిడ నన్ను చూసింది. నేను విన్లేదని ఆవిడకు తెలిసింది. ముప్పయ్యేళ్లకు పైగా ఒకటో తరగతి చెప్పిన మనిషికి తెలియకుండా ఎలా ఉంటుంది? నడుం మీద చేతులు పెట్టుకుంటుందనుకున్నాను. పెట్టుకోలేదు. ‘నేనేటి సెప్పేను’ అనలేదు. చిన్నగా నవ్వి, గోడ పట్టుకుని లేచి, లోపలికి వెళ్లిపోయింది.

పీట పూర్తయ్యాక మిషను ఆపి వెళ్లాను. మంచం మీద పడుకుని ఉంది.

“ఇందాక ఏటన్నావు?”

“ఏటీ లేదులే బావా.”

“కాదు, ఏదో అన్నావు.”

“ఏటీ లేదు. పీట బాగొచ్చిందా?”

మర్నాడు జ్వరం. ఆ సాయంత్రానికే విశాఖపట్నం. ముక్కుకీ నోటికీ కలిపి ఆక్సిజన్ మాస్కు పెట్టారు. అక్కడ కూడా ఒక మిషను, దానిది సన్నని చప్పుడు. పక్కన కూర్చుని ఒకసారి చెవి దగ్గర అడిగాను. “షెడ్డులో ఏటన్నావే? సెప్పు, ఇప్పుడు ఇంటాను” అన్నాను. ఆవిడ కనుబొమలు ముడిచింది, ఎప్పుడు అన్నట్టు చెయ్యి తిప్పింది. నిజంగానే గుర్తు లేదు. ఆవిడకు అది అంత మామూలు మాట. నాలుగో రోజు పోయింది.

ఆ మాట ఏమై ఉంటుందని నేను కొలవని రోజు లేదు. అద్దం ముందు నిలబడి నా పెదవులతో అని చూసుకున్నాను. బావా, మంచినీళ్లు. బావా, ఇంక ఆపు. బావా, నాకేదోలా ఉంది. బావా, ఆ పన్నూడిన గుంట సంగతి సెప్పేనా? అన్నీ సరిపోతాయి, ఏదీ తేలదు. మూడుసార్లు కొలిస్తే మూడు రకాలుగా వస్తోంది. మంచినీళ్లే అడిగిందేమో అనుకున్న రోజు కంచం ముందు నుంచి లేచిపోతాను. నీళ్లు అడిగిన మనిషికి బుర్ర ఊపి, పీట అంచు చూసుకున్నాను.

మిషను షెడ్డులో అలాగే ఉంది. మంచి మిషను, దాని తప్పేమీ లేదు. నా పుస్తకంలో నేను గీయని గీత ఒకటుంది, అంతే. ఆవిడ ఊపిరి కోసం వెతికాను, ఆవిడ గొంతు సంగతి మర్చిపోయాను. రెండూ ఒకే మనిషివని నాకు తట్టలేదు.

మిగతా ఆరు పీటలూ చేత్తోనే చేశాను. చేతిరంపం, చిత్రిక, గరుకు కాగితం. నుసి లేవకుండా నెమ్మదిగా రుద్దితే, ఆవిడ అక్కడ కూర్చున్నా ఏమీ కాకుండా ఉండేది. చప్పుడూ ఉండేది కాదు. ఈ పద్ధతి నాకు మొదట్నుంచీ తెలుసు. ఆలస్యమవుతుందని వదిలేశాను.

బడి తెరిచిన వారానికి పీటలు ఆటోలో వేసుకుని బుచ్చయ్యపేట వైపు ఆవిడ పనిచేసిన బడికి తీసుకెళ్లాను. కొత్త టీచరమ్మ వరసగా వేయించింది. ఆవిడ చదువు చెప్పిన పిల్లలు ఇప్పుడు రెండో తరగతి, వాళ్లూ వచ్చి చుట్టూ మూగారు. గదంతా గోల. పై పళ్లు రెండూ లేని ఒక గుంట నా చొక్కా పట్టుకుని లాగి ఏదో అంది. గోలలో వినబడలేదు. నేను బుర్ర ఊపాను.

ఆ పిల్ల చొక్కా వదిలేసింది. ఒక అడుగు వెనక్కి వేసి, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుంది.

“నేనేటి సెప్పేను? మళ్లీ సెప్పండి.”

అక్కడే ఒక పీట మీద కూలబడ్డాను. ఆ పిల్ల ముఖమూ నా ముఖమూ సమానంగా వచ్చాయి.

“ఇనలేదమ్మా” అన్నాను. “తప్పే. ఇంకోపాలి సెప్తావా?”

ఆ పిల్ల చేతులు దించి, నా చెవి దగ్గరికి వచ్చి, మొదట్నుంచి మళ్లీ చెప్పింది.